బావి ఉమ్మగిలాలా?

నీటి పీడనంతో రాతిని చీల్చే ఫ్రాకింగ్ పూర్తయిన రోజు చమురు బావి దగ్గర హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది. రాత్రీ పగలూ మోగిన పంపు లారీలు, ఇసుక బండ్లు, నీళ్ల ట్యాంకర్లు తర్వాతి బావికి కదిలిపోతాయి. మిగిలేది మనిషెత్తు దాటిన వాల్వుల గుత్తి, దాని మీద పీడనం చూపే ముల్లు. కింద రెండు మూడు కిలోమీటర్ల లోతున షేల్ రాతిని చీల్చి దూర్చిన నీళ్లు, ఆ చీలికలు మూసుకుపోకుండా ఆపే ఇసుక. ఇప్పుడు వాల్వు తిప్పాలా? వారం ఆగాలా? నెలా?

ఈ ఆగడాన్ని చైనా ఇంజినీర్లు 'మెన్ జింగ్' అంటారు. మెన్ అనేది వంటింటి మాట. గిన్నెకు మూత బిగించి, ఆవిరి పోకుండా లోపలే మగ్గనివ్వడం. వార్చిన అన్నానికి మనం మూత పెట్టి ఉమ్మగిలనిచ్చినట్టు. అమెరికాలో అదే పని 'సోకింగ్', అంటే నానబెట్టడం. రెండు మాటల్లోనూ ఆగితే మేలు జరుగుతుందన్న నమ్మకం ముందే ఉంది. రికార్డుల్లో రాసే మాట మాత్రం 'షట్-ఇన్', ఉత్త మూసివేత. అందులో ఏ ఆశా లేదు. పదిహేనేళ్లుగా సాగుతున్న వాదమంతా ఆ మూతకు ఏ పేరు పెట్టాలన్నదే. నా లెక్కలో ఆ వాదం ఇంకా తేలకపోవడానికి కారణం రాతిలో ఎంత ఉందో, మనం కొలిచే పద్ధతిలోనూ అంతే ఉంది.

ఎందుకింత పట్టింపు అంటే, షేల్ చమురు చిన్న విషయం కాదు. 2023లో అమెరికా తీసిన ముడి చమురులో దాదాపు 64 శాతం ఇలాంటి బిగుసు రాళ్ల నుంచే వచ్చింది. అయినా రాతిలో ఉన్న చమురులో పైకి వచ్చేది నూటికి 5 నుంచి 10 పాళ్లు. మిగతాది అక్కడే ఉండిపోతుంది. పెద్ద ఖర్చు లేకుండా, కేవలం కొన్నాళ్లు ఆగి, ఆ అంకెను ఒక్క పాయింటు పెంచగలిగితే ఎవరికి చేదు?

ఇంకో చిక్కుముడి కూడా ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఒక బావికి కోటి గ్యాలన్ల నీళ్లు, అంటే సుమారు 3.8 కోట్ల లీటర్లు, పంపడం ఇప్పుడు మామూలే. పంపినదంతా తిరిగి రాదు. చాలా షేల్ ప్రాంతాల్లో సగం కూడా రాదు. పెన్సిల్వేనియా వైపు మార్సెలస్ గ్యాస్ బావుల్లో మొదటి వారాల్లో తిరిగొచ్చేది పదో వంతు దరిదాపుల్లోనే. మింగిన నీళ్లు రాతి నోరు మూసేస్తాయని పాతతరం ఇంజినీర్లకు భయం. ఇసుకరాతి బావుల్లో అది నిజం కూడా. కానీ షేల్‌లో నీళ్లు తక్కువ కక్కిన బావుల్లో కొన్ని మంచి బావులుగా తేలాయి. పోయిన నీళ్లు లోపల ఏదో పని చేస్తున్నాయన్న అనుమానం అక్కడ మొదలైంది.

ఆ పని ఏమిటో తెలియాలంటే ఇల్లు కట్టే చోటికి వెళ్లాలి. తాపీ మేస్త్రి గోడ కట్టే ముందు ఎండు ఇటుకలను నీళ్ల తొట్టిలో వేస్తాడు. వేయగానే చుర్రుమంటూ బుడగలు లేస్తాయి. ఇటుక నీళ్లు పీల్చుకుంటోంది, ఆ నీళ్లు లోపలి గాలిని బయటికి నెడుతున్నాయి. చూడాల్సింది ఏమిటంటే, నీళ్లు వెళ్లే ముఖమూ గాలి వచ్చే ముఖమూ ఒకటే. ఒకే గుమ్మంలో వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ. కాసేపటికి బుడగలు పలచబడతాయి, తర్వాత ఆగిపోతాయి. అప్పుడు మేస్త్రి ఇటుక తీస్తాడు.

ఇటుకలో గాలి బదులు చమురు ఉందనుకోండి. ప్రయోగశాలలో చేసేది అదే. చమురుతో తడిపిన రాతి ముక్కను, బొటనవేలంత మందం ఉన్నదాన్ని, పైన సన్నటి గీతల మెడ ఉన్న గాజు పాత్రలో ఉప్పునీటిలో ముంచుతారు. 1959లో ఆమాట్ రాసిన పత్రం వల్ల ఆ పాత్రకు ఆయన పేరే స్థిరపడింది. గంటలు గడిచేకొద్దీ రాతి ఒంటి మీద చెమట పట్టినట్టు సన్నటి చమురు చుక్కలు మొలుస్తాయి. ఒకటి పెద్దదై, రాతిని వదిలి, పైకి తేలి మెడలో చేరుతుంది. విద్యార్థి రోజూ వచ్చి ఎన్ని గీతలు పెరిగిందో రాసుకుంటాడు. కొన్ని రాళ్లు వారంలో తమలోని చమురులో మూడో వంతు వదిలేస్తాయి. కొన్ని ఒక్క చుక్కా వదలవు.

నెట్టే బలం తక్కువదేం కాదు. షేల్ రంధ్రాలు నానోమీటర్లలో ఉంటాయి. ఇరవై నానోమీటర్ల గొట్టం మన తలవెంట్రుక మందంలో నాలుగు వేలో వంతు. అంత సన్నటి చోట, రాయి నీటిని ఇష్టపడితే, చమురుకూ నీటికీ మధ్య తలతన్యత మీటరుకు 30 మిల్లీన్యూటన్లు అనుకుంటే, నీటిని లోపలికి లాగే పీడనం సుమారు 60 వాతావరణ పీడనాలకు సమానం. దీపం ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగే కేశనాళికీయతే ఇది. రంధ్రం సన్నబడేకొద్దీ లాగుడు పెరుగుతుంది.

ఈ అంకె చూసి చాలామంది ఉత్సాహపడ్డారు. కానీ బలం ఉన్నంత మాత్రాన వేగం ఉండదు. అంత సన్నటి దారిలో నీళ్లు జరగడమే కష్టం. 1921లో వాష్‌బర్న్ చూపిన లెక్క ప్రకారం నీళ్లు చొరబడే దూరం కాలం వర్గమూలంతో పెరుగుతుంది. పది రోజుల్లో పది సెంటీమీటర్లు వెళితే, ఇరవై వెళ్లడానికి నలభై రోజులు కావాలి, ముప్పైకి తొంభై. అందుకే మూత పెట్టిన మొదటి పది రోజులకున్న విలువ తర్వాతి పదికి లేదు. మూడు నెలలు మూస్తే మూడింతలు లాభం వస్తుందన్న లెక్క ఎక్కడ కనిపించినా అనుమానించాల్సిందే.

ఇదే సూత్రం ప్రయోగశాల ఫలితాలను బావికి అన్వయించేటప్పుడు ఇంకా గట్టిగా అడ్డొస్తుంది. ఒకే రాయి అయితే పట్టే కాలం మందం వర్గంతో పెరుగుతుందని 1962లో మాటాక్స్, కైట్ చెప్పారు. రెండున్నర సెంటీమీటర్ల ముక్క ఐదు రోజుల్లో చమురు వదిలిందనుకుందాం. మీటరు మందం రాయి నలభై రెట్లు పెద్దది, కాబట్టి 1,600 రెట్ల కాలం కావాలి. ఎనిమిది వేల రోజులు, దాదాపు ఇరవై రెండేళ్లు. ఏ కంపెనీ అయినా అన్నాళ్లు మూత పెట్టి కూర్చుంటుందా?

ఇక్కడ ఆగడమే మేలని వాదించేవాళ్లు ఇచ్చే జవాబు, చిన్న చీలికలు. ఫ్రాకింగ్‌లో ఒక పెద్ద చీలికే పుట్టదు, దాని చుట్టూ వెంట్రుకవాసి చీలికలు, పొరల మధ్య విడిపోయిన సందులు అల్లుకుంటాయి. అవి నీటిని రాతి లోపలికి మోసుకెళితే మీటరు మందం రాయి సెంటీమీటర్ల ముక్కలుగా మారిపోతుంది. అప్పుడు ఇరవై రెండేళ్లు వారాల్లోకి దిగొస్తాయి. అది సాధ్యమే, ఈశాన్య చైనాలోని గులాంగ్ షేల్ లాంటి చోట్ల మరీనూ. అక్కడి రాయి పుస్తకం కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటుంది, మీటరు మందంలో వేయికి మించి పొరలు లెక్కపెట్టారు. కానీ ఎంత అల్లిక పుట్టిందో నేరుగా చూసిన సందర్భాలు చాలా తక్కువ. లెక్క ఫలితానికి సరిపోయేలా అల్లికను ఊహించుకునే వీలుంది, కంప్యూటర్ నమూనాలు చాలావాటిలో జరిగేది అదే. ఈ రంగంలో అతి పెద్ద బలహీనత ఇక్కడుందని నా అభిప్రాయం.

అసలు రాయి నీటిని ఇష్టపడుతుందా అన్నది ఇంకో ప్రశ్న. తామరాకు మీద నీటిబొట్టు నిలవదు, మట్టికుండ మీద అంటుకుపోతుంది. షేల్‌లో రెండూ కలిసి ఉంటాయి. క్వార్ట్జ్, మట్టి ఖనిజాల గోడలున్న రంధ్రాలు కుండలాంటివి. చమురుకు పుట్టిల్లైన సేంద్రియ పదార్థంలోని రంధ్రాలు తామరాకులాంటివి, అక్కడికి నీళ్లు తమంతట వెళ్లవు. ఎక్కువ చమురు మాత్రం తరచు ఆ రెండో రకం రంధ్రాల్లోనే ఉంటుంది. ఉత్తర డకోటాలోని బాకెన్ రాయి మొత్తమ్మీద చమురు పక్షమేనని పరీక్షల్లో తేలింది. అలాంటి చోట ఉత్త నీళ్లతో నానబెట్టడం తామరాకును నానబెట్టడమే.

కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయంలో హసన్ దెహగన్‌పూర్ బృందం 2012, 2013ల్లో హార్న్ రివర్ షేల్ మీద చేసిన పరీక్షలు ఇక్కడే ఒక మెలిక పెట్టాయి. రాతి ముఖం మీద బొట్టు వేస్తే నూనె పూర్తిగా పరుచుకుంది, నీళ్లు అంతగా పరుచుకోలేదు. పాఠం ప్రకారం నూనె ఎక్కువ పీల్చుకోవాలి. పీల్చుకున్నది మాత్రం నీళ్లు, నూనె కన్నా చాలా ఎక్కువ. మట్టి ఖనిజాలు నీటిని పట్టుకోవడం, ఆ ఉబ్బుకు రాయి పగిలి కొత్త సందులు ఏర్పడడం కారణమని వాళ్లు చెప్పారు. అందంగా ఉన్న ఫలితం. కానీ బీకరులోని రాయికి నలువైపులా ఖాళీ ఉంది, ఉబ్బితే పగలొచ్చు. రెండు కిలోమీటర్ల లోతున పై రాతి బరువంతా మీద ఉన్నప్పుడు అలాగే పగులుతుందా? చుట్టూ బిగించి ఒత్తిడిలో ఉంచిన రాయి బీకరులో ఉన్నంత ఉదారంగా తాగదు.

రాయి పక్షం మార్చడానికి సబ్బులాంటి రసాయనాలు, సర్ఫాక్టెంట్లు, కలపడం ఇంకో దారి. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డేవిడ్ షెక్టర్ బృందం వుల్ఫ్‌క్యాంప్, ఈగిల్ ఫోర్డ్, బాకెన్ రాళ్ల మీద ఇది చూపింది. చమురు పక్షపు రాయి నీటి వైపు తిరిగి, పీల్చడం మొదలుపెట్టింది. ఇందులో ఒక తిరకాసు ఉంది. సబ్బు తలతన్యతను కూడా తగ్గిస్తుంది, లోపలికి లాగే బలం పుట్టేదే ఆ తలతన్యత నుంచి. మరీ తగ్గిస్తే రాయి ఇష్టపడినా లాగే శక్తి ఉండదు. ఎంత కలపాలన్నది ఒక్కో రాతికి ఒక్కో లెక్క. ఇన్ని రోజులు మూయాలి అన్న సలహా ఏ ద్రవం పంపారో చెప్పకుండా వస్తే పక్కన పెట్టేయవచ్చు.

ఉప్పు సంగతి కొంత తేలిగ్గా చెప్పుకోవచ్చు. బాకెన్ లోతుల్లోని ఉప్పునీటిలో లీటరుకు 300 గ్రాముల దాకా లవణాలుంటాయి, సముద్రపు నీటికి దాదాపు తొమ్మిది రెట్లు. పంపేది మాత్రం చాలా చోట్ల దాదాపు మంచినీళ్లు. మధ్యలో మట్టి పొర జల్లెడలా ఉండి నీటిని వదిలి ఉప్పును ఆపితే, ద్రవాభిసరణం వల్ల నీళ్లు రాతిలోకి వెళతాయి. ఆవకాయ జాడీలో ముక్కల నుంచి ఊట దిగేదీ ఈ కారణంతోనే, ఎదురు దిశలో. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ పరిశోధకులు దీన్ని గట్టిగా ముందుకు తెచ్చారు. కానీ షేల్ మంచి జల్లెడ కాదు. ఉప్పును చాలావరకు పోనిస్తుంది, కాబట్టి కాగితం మీది పీడనంలో చిన్న భాగమే చేతికొస్తుంది. దీన్ని తోడల్లుడి వాటాగా చూడడం సబబు, ఇంటి పెద్ద పీట వేయనక్కర్లేదు.

మట్టి ఉబ్బు సంగతి మన రైతుకు కొత్త కాదు. నల్లరేగడి వేసవిలో కాలు దిగేంత బీటలు వారుతుంది, తొలి వానలకు ఉబ్బి ఆ బీటల్నే మూసేస్తుంది. షేల్‌లో ఆ రకం మట్టి ఉంటే, చీలిక ముఖం మెత్తబడి ఇసుక రేణువు అందులోకి దిగిపోతుంది, దారి సన్నబడుతుంది. లోతుగా పూడి బాగా ఉడికిన షేళ్లలో ఈ ఉబ్బే మట్టి చాలావరకు ఇల్లైట్ అనే నెమ్మదస్తురాలిగా మారిపోయి ఉంటుంది, కాబట్టి అన్ని చోట్లా భయం ఒకే మోతాదు కాదు. ఇంకో చిన్న శత్రువు బెరైట్. రాతిలోని బేరియం, పంపిన నీటిలోని సల్ఫేటు కలిస్తే సందుల్లో గట్టి పొర కడుతుంది. రాజంపేట దగ్గరి మంగంపేట గనుల నుంచి వెళ్లే బెరైట్ పొడి ప్రపంచమంతటా బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు కోసం కలుపుతారు. తవ్వేటప్పుడు కాపాడిన ఖనిజమే ఫ్రాకింగ్ తర్వాత గొంతు పట్టుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా చర్చించిన హాని నీటి అడ్డు. చీలిక గోడను ఆనుకుని రాయి నీటితో నిండిపోతే వెనక ఉన్న చమురుకు దారి ఉండదు. ఈ హానికి మందు కూడా ఆగడమే. కొన్నాళ్లు వదిలేస్తే గోడ దగ్గరి నీళ్లు ఇంకా లోపలికి ఇంకిపోయి పలచబడతాయి, చమురు ముందుకొస్తుంది. అంటే మూత జబ్బూ తెస్తుంది, మందూ ఇస్తుంది, ఏది ముందు అన్నది రాతి స్వభావాన్ని బట్టి. నీటి పక్షపు రాతిలో, పీడనం బాగా ఉన్న చోట, మందు గెలుస్తుంది. చమురు పక్షపు రాతిలో గోడ దగ్గర నీళ్లు ఇంకకుండా నిలబడిపోతాయి. అక్కడ ఆగడం ఉత్త కాలహరణం.

మరి బావులు ఏమంటున్నాయి? మార్సెలస్ గ్యాస్ బావుల మీద 2012లో చెంగ్ పత్రం మొదలుకొని వచ్చిన అధ్యయనాలు చాలావరకు ఒకే కథ చెబుతాయి. మూసి తెరిచాక మొదట్లో గ్యాస్ ఎక్కువ, నీళ్లు తక్కువ, ఆ నీళ్లు ఉప్పగా. 2013లో క్రాఫ్టన్, నో అనే ఇద్దరు మాత్రం పలు షేల్ ప్రాంతాల బావులను పరిశీలించి, ఆలస్యాలు, మళ్లీ మళ్లీ మూసివేతలు బావిని దెబ్బతీస్తాయన్నారు. చైనాలో జిమ్సర్, గులాంగ్‌ల వైపు మూతను పనిలో భాగంగానే పెట్టుకున్నారు, పంపిన నీటి పీడనాన్ని రాతిలో నిల్వ చేసుకోవడం అన్న వాదనతో. రెండు పక్షాలకూ సాక్ష్యాలున్నాయి.

2020ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లను చూసి జాగ్రత్త పడాలి. ఆ ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్లకు పడింది. కంపెనీలు వేల బావులు మూశాయి. ఉత్తర డకోటా ఉత్పత్తి మార్చిలో రోజుకు 14 లక్షల బ్యారెళ్ల నుంచి మేలో దాదాపు 8.6 లక్షలకు దిగింది. తెరిచాక చాలా బావులు కొన్నాళ్లు ముందుకన్నా ఎక్కువ ఇచ్చాయి. అది పాత బావి ఊపిరి తీసుకోవడం, దూరపు పీడనం దగ్గరికి చేరడం. కొత్తగా ఫ్రాకింగ్ చేసిన బావిలో నీళ్లు ఇంకడానికీ దీనికీ పొత్తు లేదు.

ఇప్పుడు నా ఫిర్యాదు. బావులు పరిశోధన కోసం మూతపడవు. పైపులైను రాలేదనో, పక్క బావి పని కాలేదనో, ధర పెరుగుతుందనో మూస్తారు. పైపులైను ఆలస్యమయ్యేది మారుమూల బావులకు, అక్కడి రాయి వేరు. ఎక్కువ రోజులు మూతపడిన బావులనూ తక్కువ రోజులవాటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపితే, ఆ తేడా మూతదో రాతిదో ఎవరు చెప్పాలి?

ఇంకొంచెం లెక్క వేద్దాం. ఒక బావి జీవితకాలపు విలువ ఇవాళ్టి లెక్కలో 80 లక్షల డాలర్లు అనుకుందాం. డబ్బు ఖరీదు ఏడాదికి 10 శాతం. నెల రోజులు మూస్తే ఆదాయమంతా నెల వెనక్కి జరుగుతుంది. నష్టం నూటికి 0.8, అంటే 64 వేల డాలర్లు. మొత్తం చమురులో ఒక్క శాతం పెరిగినా ఆగడం గిట్టుబాటే. ఇంత చవకైన పందెం కాబట్టే ఇంజినీర్లు ఆగడానికి ఒప్పుకుంటారు. తిరకాసు ఏమిటంటే, పక్కపక్క బావుల మధ్యే ఉత్పత్తిలో 40 శాతం అటూ ఇటూగా తేడా ఉందనుకుంటే, 5 శాతం మేలును నమ్మకంగా పట్టుకోవడానికి ఒక్కో పక్క సుమారు వెయ్యి బావులు కావాలి. 20 శాతం మేలుకైతే అరవై చాలు. పత్రాల్లో మాత్రం పది, ఇరవై బావులుంటాయి. గిట్టుబాటుకు కావలసిన మేలు, కొలవగలిగిన మేలు కన్నా చాలా చిన్నది. వాదం తెగకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు కనిపించలేదు.

దీనికి తోడు దేన్ని మేలు అంటున్నారో కూడా ఒక్కొక్కరిది ఒక్కో మాట. మొదటి నెల ఉత్పత్తి పెరిగిందని ఒకరు, నీళ్లు తక్కువ వచ్చాయి కాబట్టి పారబోసే ఖర్చు మిగిలిందని ఒకరు. మొత్తం రాబడి పెరిగిందని గట్టిగా చూపినవాళ్లు తక్కువ. నాకు తోచినంతలో, నీటి పక్షపు షేల్‌లో మొదటి రెండు మూడు వారాలు ఆగడం తొలి నెలల చమురును మెరుగుపరుస్తుంది, నీటి ఖర్చు తగ్గిస్తుంది. అంతిమ రాబడిని చెప్పుకోదగ్గంత మారుస్తుందన్నది ఇంకా రుజువు కాలేదు.

రోజులు ముందే నిర్ణయించడం కన్నా మేస్త్రి పద్ధతి నయం, బుడగలు ఆగాక తీయడం. మూసిన బావిలో బుడగలకు బదులు పీడనం ముల్లు ఉంది. మొదట గబగబా పడి, తర్వాత నెమ్మదించి, ఒక దగ్గర పడడం దాదాపు ఆగుతుంది. చైనా క్షేత్రాల్లో మూత తీసే వేళను చాలావరకు ఈ పీడనపు గీత చూసే పోల్చుకుంటారు. ఆపై తెరిచే తీరు. వాల్వు ఒక్కసారి తిప్పేస్తే చీలికల్లోని ఇసుక కొట్టుకొచ్చి, కూడబెట్టిన పీడనం రెండు రోజుల్లో హరించుకుపోతుంది. ప్రవాహాన్ని అదుపు చేసే చోక్ రంధ్రాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవాలి. మూత గురించి పుటలు రాసినవాళ్లు తెరవడం గురించి పేరాతో సరిపెట్టడం నాకు వింతగా ఉంటుంది.

మన దగ్గర ఈ ప్రశ్నకు ఇంకా వేళ కాలేదు. 2013 అక్టోబర్‌లో కేంద్రం షేల్ విధానం తెచ్చాక ఓఎన్‌జీసీ కాంబే, దామోదర్, కావేరిలతో పాటు కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ పరిశీలన బావులు తవ్వింది, వాణిజ్య స్థాయి ఉత్పత్తి రాలేదు. గోదావరి జిల్లాల కింద రాఘవాపురం, కొమ్ముగూడెం షేళ్లు ఉన్నాయి, కోర్ ముక్కలు తీసిన రాయి. బాకెన్ నుంచో జిమ్సర్ నుంచో రోజుల సంఖ్య అరువు తెచ్చుకునే ముందు ఆ ముక్కల్లో ఒకదాన్ని చుట్టూ ఒత్తిడితో బిగించి, మనం పంపబోయే నీటిలోనే ముంచి, గాజు మెడలో ఎన్ని గీతలు పెరిగాయో రాసుకోవాలి. ఒక్క చుక్కా మొలవకపోతే అదీ రాసుకోవాలి.